అపార్ట్‌మెంటులో అంగీఠీ

రంజాన్ సెలవులకు కొద్దిరోజుల ముందు ఒక సాయంకాలం, మన కళాశాలలో చదివి ప్రస్తుతం హైదరాబాదులో ఉద్యోగం చేసుకొంటున్న ఒక పూర్వవిద్యార్థి నన్ను వెదుక్కొంటూ తెలుగు శాఖకు వచ్చినాడు. ఛందస్సులో ఏదో సందేహమో, పోటీపరీక్షకు సంబంధించిన వ్యాకరణ ప్రశ్నో తెచ్చినాడనుకొన్నాను. అతడు కుర్చీ అంచున కూర్చొని, కొంత సంకోచించి, "సార్, మేం నలుగురం కలిసి ఒక ఫ్లాట్ కిరాయికి తీసుకొన్నాం. ఇంట్లోనే కబాబులు కాల్చుకోవడానికి ఒక గ్రిల్లు కొందామనుకొంటున్నాం. ఏది మంచిదంటారు?" అని అడిగినాడు.

నాకు నవ్వు వచ్చిన మాట నిజం. నల్లగొండ బజారులో "గ్రిల్లు కావాలె" అంటే కిటికీకి బిగించే ఇనుప చువ్వలు చూపిస్తారు. ఆ మాటే అతనితో అన్నాను. అతడూ నవ్వినాడు. కాని ఆ రాత్రి ఇంటికి వెళ్లిన తరువాత నాకు ఆ ప్రశ్న నవ్వులాటగా తోచలేదు. దానికి కారణం నా విద్యార్థి దశలో జరిగిన ఒక సంఘటన. దానిని గురించి చెప్పకుండా ఏ గ్రిల్లు మంచిదో చెప్పడం సరికాదనిపించి, ఈ సంచికకు వ్యాసం అడిగిన సంపాదకవర్గానికి సాహిత్య విషయమేదో ఇస్తానని మాట ఇచ్చి కూడా, దీనిని వ్రాస్తున్నాను.

మన పాత ఇళ్లలో ఈ సమస్యే లేదు. దేవరకొండలో మా ఇంటి వెనుక పెరడు ఉండేది. పెరటిలో ఒక వేపచెట్టు, దాని క్రింద రోలు, రోలు ప్రక్కన తుప్పు పట్టిన ఇనుప అంగీఠీ. బక్రీద్ నాటి సాయంకాలం మా అబ్బాజాన్ ఆ అంగీఠీలో సర్కారు తుమ్మ బొగ్గులు పేర్చి, కొద్దిగా కిరసనాయిలు చల్లి అంటించి, తాటాకు విసనకర్ర నా చేతికిచ్చేవారు. మొదట నల్లని పొగ, తరువాత తెల్లని పొగ, ఆ తరువాత పొగ లేని ఎర్రని నిప్పు. బొగ్గుపై బూడిద పొర తెల్లగా కమ్మే వరకు సీకులు దగ్గరకు రానిచ్చేవారు కాదు. ఆ నిప్పు మీదనే వానాకాలంలో మక్కకంకులు కాల్చేవాళ్లం. పొయ్యి దగ్గర మా నానీ జొన్నరొట్టెను పెనం మీద కాల్చి, చివరకు నిప్పులకు ఆనించి నిలబెట్టేది. పొగ ఎంత వచ్చినా ఆకాశంలోకి పోయేది. దానిని గురించి ఎవరూ ఆలోచించవలసిన అవసరం ఉండేది కాదు.

మన ప్రాంతం మాంసం కాల్చడంలో ఎవరికీ తీసిపోదు. మహబూబ్‌నగర్‌కు ఆ పేరు వచ్చినది 1890లో, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీదుగా. అంతకు పూర్వం అది పాలమూరు. హైదరాబాదు వంటలలో ప్రసిద్ధమైన పత్తర్ కా గోష్త్ పుట్టుకను గురించి చెప్పుకొనే కథ కూడ ఆ నిజాం చుట్టూనే అల్లుకొన్నది. వేటకు వెళ్లినప్పుడు సీకులు మరచిపోయినారట, అప్పుడు వంటవాడు ఒక బండను నిప్పుల మీద కాచి దానిపై మాంసం పరచినాడట. కథ నిజమైనా కాకున్నా, ఎటు చూచినా గుట్టలు, గుండ్లు ఉన్న ఈ నేల మీద అటువంటి వంట పుట్టడంలో వింత ఏమీ లేదు. నల్లగొండ పేరులోనే కొండ ఉన్నది కదా!

ఐతే ఇప్పుడు మన పిల్లలు ఉండేది గుట్టల మధ్య కాదు. మిర్యాలగూడ నుండి, అచ్చంపేట నుండి, నారాయణపేట నుండి చదువుకో ఉద్యోగానికో నగరం చేరినవాడు మూడవ అంతస్తులోనో అయిదవ అంతస్తులోనో ఉంటాడు. వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడవవాడు బయట ఉండాలె. బాల్కనీలో ఆరవేసిన బట్టలు. డాబా తాళం వాచ్‌మన్ దగ్గర. నల్లగొండలోను మహబూబ్‌నగర్‌లోను కూడ ఇటువంటి ఇళ్లు లేచినవి, లేస్తున్నవి. నోటికి మాత్రం పెరటిలోని అంగీఠీ రుచి గుర్తున్నది. ఆ రుచిని ఈ గదిలోకి ఎట్లా తేవడం అన్నదే మా విద్యార్థి ప్రశ్న.

నా సంఘటన చెబుతాను. నేను ఎం.ఏ. చదివే రోజులలో మేము అయిదుగురం ఒక మేడపైని గదిలో కిరాయికి ఉండేవాళ్లం. గది ఇచ్చేటప్పుడే ఇంటి యజమాని "మాంసం వండరాదు" అని షరతు పెట్టినాడు. వేరే గది దొరకక తల ఊపినాము. డిసెంబరు నెలలో ఒక రాత్రి, పరీక్షలు ముగిసిన సంతోషంలో, ఒక మిత్రుడు ఎక్కడి నుండో చిన్న కుంపటి, సేరు బొగ్గులు, అర్ధకిలో మాంసం తెచ్చినాడు. డాబాపై బొగ్గులు రాజేసినాము. పొగ అంతా పోయి బొగ్గు ఎర్రబడిన తరువాత, "ఇంక పొగ లేదు, లోపలికి తేవచ్చు" అనుకొని కుంపటిని గదిలోకి తెచ్చి ఒక రేకుపై పెట్టినాము. వాసన బయటికి పోతే యజమానికి తెలుస్తుందని కిటికీలు మూసినాము. తలుపు క్రింద సందులో తువ్వాలు కూడ కుక్కినాము. చలి వల్ల ఆ వెచ్చదనం హాయిగానే ఉన్నది.

అరగంట గడిచిన తరువాత నాకు తలనొప్పి మొదలైనది. చదువు ఒత్తిడి అనుకొన్నాను. ఒకడు వాంతి వస్తున్నదన్నాడు. మాంసం పచ్చిగా తిన్నావని వాడిని వేళాకోళం చేసినాము. ఇంకొకడు గోడకు ఆనుకొని నిద్రపోయినాడు. అప్పటికి రాత్రి తొమ్మిది కూడ కాలేదు. వాడిని లేపితే లేవలేదు. ఆ క్షణంలో మాలో రసాయనశాస్త్రం చదివే మిత్రుడు లేచి తలుపు తీసి, కిటికీలు బాది తెరిచి, నిద్రపోయినవాడిని చంకల క్రింద పట్టి వరండాలోకి ఈడ్చినాడు. అతడే లేకుంటే ఈ వ్యాసం వ్రాయడానికి నేను ఉండేవాడినో లేదో తెలియదు. పడిపోయిన మిత్రుడు పావుగంటకు కళ్లు తెరిచినాడు. మేము భయం చేత, సిగ్గు చేత ఆసుపత్రికి కూడ పోలేదు. అది మేము చేసిన రెండవ తప్పు.

ఆ గదిలో జరిగినదేమిటో విద్యార్థులందరూ తెలుసుకొనవలె. బొగ్గు పూర్తిగా కాలడానికి గాలి చాలినంత అందనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కన్ను మండదు, దగ్గు రాదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువును పట్టుకొనే దానికంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకొంటుంది. అనగా ఊపిరి ఆడుతూనే ఉంటుంది గాని శరీరానికి ప్రాణవాయువు అందదు. మొదట తలనొప్పి, తరువాత తలతిరుగుడు, వాంతి, ఆ తరువాత మగత. మగత వచ్చినవాడు తనంతట తాను లేచి తలుపు తీయలేడు. ఉత్తరభారతంలో చలికాలంలో అంగీఠీ పెట్టుకొని తలుపులు మూసి పడుకొన్న కుటుంబాలు తెల్లవారేసరికి మరణించిన వార్తలు ఏటా పత్రికలలో వస్తూనే ఉన్నవి.

మేము మోసపోయినది ఎక్కడ? "పొగ లేదు" అన్న చోట. కంటికి కనబడే పొగకు, ప్రాణం తీసే ఈ వాయువుకు సంబంధం లేదు. పొగ పోయి ఎర్రగా మిలమిలలాడే నిప్పే ఈ విషవాయువును ధారాళంగా విడుస్తుంది. పెరటిలో మా అబ్బాజాన్ నేర్పిన నియమం, బూడిద కమ్మిన తరువాతనే సీకులు పెట్టాలన్నది, రుచికి సంబంధించిన నియమం. ప్రాణరక్షణకు సంబంధించినది కాదు. ఆరుబయట సరిపోయిన జ్ఞానం మూసిన గదిలో మమ్మల్ని చంపబోయినది.

ఇంకొక మాట. కోవిడ్ నాటి నుండి చాల ఇళ్లలో వేలికి తగిలించి చూచే ఆక్సీమీటరు ఉన్నది. ఈ విషయంలో దానిని నమ్మరాదు. మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడ అది ప్రాణవాయువు గల రక్తంగానే లెక్కించి, తొంబది ఎనిమిది అని చూపగలదు. మనిషిని బయటి గాలిలోకి తీసుకొని రావడం, 108కు ఫోను చేయడం, ఏమి జరిగినదో వైద్యునికి దాచకుండా చెప్పడం, ఇవే చేయదగిన పనులు. బయటి గాలిలో ఉన్నా రక్తంలోని ఆ వాయువు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆసుపత్రిలో ప్రాణవాయువు పట్టిస్తే గంట, గంటన్నరలో తగ్గుతుంది. మేము ఆసుపత్రికి పోకపోవడం రెండవ తప్పు అన్నది అందుకే.

కనుక నా అభిప్రాయం మొదటనే చెప్పివేస్తాను. ఫ్లాటులో బొగ్గు వద్దు. కిటికీ తెరిచినా వద్దు, ఎగ్జాస్టు ఫ్యాను ఉన్నా వద్దు, తలుపు ఓరగా వేసిన బాల్కనీలోనూ వద్దు. వంట ముగిసిన తరువాత కూడ బూడిద క్రింద నిప్పు గంటల తరబడి ఉంటుంది. ఆ కుంపటిని చలికి వెచ్చగా ఉంటుందని లోపల పెట్టుకొని పడుకొన్నవారి కథలే పైన చెప్పిన వార్తలు. పొగ వాసన లేనిదే కబాబు కబాబు కాదనేవారికి మన ఇళ్లలో ధుంగార్ అనే పద్ధతి ఉండనే ఉన్నది. వండిన మాంసం మధ్య చిన్న గిన్నె పెట్టి, అందులో గచ్చకాయంత నిప్పుకణిక వేసి, నాలుగు చుక్కల నెయ్యి వదలి, రెండు నిమిషాలు మూత వేయడం. కిటికీ తెరిచి చేసి, ఆ వెంటనే కణికను నీళ్లలో ఆర్పితే చాలు. సేరు బొగ్గులకు, ఒక్క కణికకు ఎంత తేడా ఉన్నదో వేరే చెప్పనక్కరలేదు.

ఇక బొగ్గు లేని సాధనాలు. దుకాణంలో అరలకు అరలు నింపి ఉన్నవి. ప్రతి పెట్టెపైనా సీకుకు గుచ్చిన ఎర్రని మాంసం బొమ్మే. బొమ్మను చూచి కొనేవాడు మోసపోతాడు. ఇక్కడ తెలుగు అధ్యాపకునిగా నాకు పనికివచ్చిన ఉపాయం ఒకటి చెబుతాను. మన భాషలో కాల్చడం వేరు, వేయించడం వేరు, ఉడికించడం వేరు. ఉర్దూలో సేంక్నా, భూన్నా, తల్నా అని వేరువేరుగా ఉన్నట్లే. ఇంగ్లీషులో పెట్టెపైన ఏమి వ్రాసి ఉన్నా, ఈ యంత్రం మాంసాన్ని నిజంగా ఏమి చేస్తున్నది, కాలుస్తున్నదా, వేయిస్తున్నదా, ఉడికిస్తున్నదా అని ప్రశ్నించుకొంటే సగం సందేహాలు తీరుతవి.

రెండు పళ్లెముల మధ్య మాంసాన్ని నొక్కిపెట్టే విద్యుత్తు గ్రిల్లును తీసుకొందాము. దీనికి ప్రపంచప్రసిద్ధి తెచ్చినవాడు జార్జి ఫోర్‌మన్. 1974లో జైరే దేశపు కిన్‌షాసా నగరంలో మహమ్మద్ అలీ చేతిలో ఎనిమిదవ రౌండులో ఓడిపోయిన మల్లయోధుడుగా (ముష్టియోధుడనడం సరి) ఆయన పేరు మన వాళ్లలో పెద్దలకు తెలుసు. 1994లో ఆయన పేరుతో ఈ యంత్రం మార్కెట్లోకి వచ్చినది. అదే సంవత్సరం నలుబది అయిదేండ్ల వయసులో ఆయన మళ్లీ ప్రపంచ విజేత అయినాడు. 1999లో ఆ యంత్రానికి తన పేరు శాశ్వతంగా వాడుకొనే హక్కు ఇచ్చినందుకు ఆయనకు, ఆయన భాగస్వాములకు ముట్టినది పదమూడు కోట్ల డెబ్బై అయిదు లక్షల డాలర్లు. 2025 మార్చిలో మరణించిన ఆయన కుస్తీబరిలో సంపాదించినదానికంటె వంటింటిలో సంపాదించినదే ఎక్కువ అంటారు. పళ్లెం వాలుగా ఉండి కొవ్వు జారిపోవడం దాని ప్రత్యేకత. పలుచని మాంసపు ముక్కకు, రొట్టె మధ్య పెట్టిన కూరకు అది మంచిదే. పెరుగులో, మసాలాలో నానిన మన బోటీని అందులో పెట్టి మూత నొక్కితే మాత్రం నీరు వదలి, ఆ నీటిలోనే ఉడుకుతుంది. చారలు పడతవి గాని కబాబు కాదు.

పైన జాలీ, క్రింద ఎర్రబడే కడ్డీ ఉన్న విద్యుత్తు బార్బెక్యూ మన అంగీఠీకి దగ్గరి చుట్టం. మాంసం కొంత ఎడంగా ఉండి, వేడి నేరుగా తగులుతుంది. నిజంగా కాలుతుంది. కొవ్వు కడ్డీ మీద పడితే పొగ వస్తుంది. అందుచేత కడ్డీ క్రింద నీళ్లు పోసే పళ్లెం ఉన్న రకాన్నే తీసుకొనవలె. పడిన కొవ్వు నీటిలో చల్లారి పొగ తగ్గుతుంది. గాలి తిప్పి వేడి చేసే ఎయిర్ ఫ్రయ్యరు, ఓ.టి.జి. పొయ్యి పొగ తక్కువగా చేస్తవి. కోడికాలుకు, పనీరుకు బాగున్నవి. సీఖ్ కబాబు కొంచెం ఎండినట్లుంటుంది. గ్యాసుపొయ్యి మీద బోర్లించే తందూర్ పెట్టెను నేను సిఫారసు చేయను. వేడి క్రిందికి మరలి గాజుపలక పొయ్యి పగిలే ప్రమాదం ఉన్నది. మంటకు గాలి ఆడక పసుపుపచ్చగా మండితే ముందు చెప్పిన విషవాయువే మళ్లీ పుడుతుంది.

ఎక్కువమంది కొనేటప్పుడు మరచేది కరెంటు లెక్క. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. చిన్న ప్లగ్గు ఆరు ఆంపియర్లది. 230ని ఆరుతో హెచ్చిస్తే 1380 వాట్లు. అంతకుమించి అది భరించదు. బార్బెక్యూ యంత్రాలు చాలవరకు 2000 వాట్లవి, అంటే ఇంచుమించు తొమ్మిది ఆంపియర్లు. దీనికి గీజరుకు పెట్టే పదహారు ఆంపియర్ల పెద్ద ప్లగ్గు ఉండవలె. పెద్ద పిన్ను చిన్న ప్లగ్గులో దూరదు గనుక, మధ్యలో ఒక మార్పిడి ముక్క పెట్టి గుచ్చేవారున్నారు. ఎక్స్‌టెన్షన్ తీగ మెలికలు తిరిగి ఉండగానే దానిపై గ్రిల్లు, ఫ్రిజ్జు రెండూ పెట్టేవారున్నారు. పాత ఇంట్లో గోడలోపలి తీగ వేడెక్కుతున్నది మనకు కనబడదు. మూడవ పిన్నుకు నిజంగా ఎర్తు ఉన్నదా అన్నది ఎలక్ట్రీషియన్‌తో పరీక్షింపజేయవలె. ఉప్పు, మసాలా, నీరు తగిలే యంత్రం ఇది. ఐ.ఎస్.ఐ. గుర్తు లేని చవక సరకు ముట్టుకోరాదు. ఖర్చు విషయంలో భయపడనక్కరలేదు. 1500 వాట్ల యంత్రం నలుబది నిమిషాలు నడిస్తే ఒక యూనిట్.

వేసవిలో వోల్టేజి పడిపోతే ఏమవుతుందో కూడ చెప్పవలె. 230కి బదులు 180 వోల్టులే వస్తే 2000 వాట్ల కడ్డీ ఇచ్చేది సుమారు 1200 వాట్ల వేడి మాత్రమే. అప్పుడు కాల్చవలసిన యంత్రం ఉడికించడం మొదలుపెడుతుంది. మా మేనత్త ఇంట్లో ఇట్లాగే ఒక మే నెల సాయంకాలం గంటన్నర కాచి, చివరకు ముక్కలన్నీ పెనం మీదికి బదలాయించినాము.

ఆ పెనమే నా అసలు సమాధానం. గాట్లు తీసిన పోత ఇనుప పెనం ఒకటి గ్యాసు మీద ఏడెనిమిది నిమిషాలు ఖాళీగా కాచి, ముక్కల తడి గుడ్డతో అద్ది, ఒకదానికొకటి తగలకుండా పరిస్తే, బొగ్గు నిప్పుకు దగ్గరగా వచ్చే ఎర్రదనం వస్తుంది. ఆ ఎర్రదనానికి, ఆ సువాసనకు మూలమైన మార్పును 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయ్యార్ వివరించినాడు. అది సుమారు 140 డిగ్రీలకు పైన గాని చురుకుగా జరుగదు. తడి ఉన్నంత సేపు మాంసం పైభాగం నీరు మరిగే వేడిని దాటదు. మనం పెనం మీద ఒకేసారి కిలో మాంసం కుమ్మరించి, నీరు ఊరిన తరువాత "పెనం మంచిది కాదు" అంటాము. పోత ఇనుము బరువైనది, నెమ్మదిగా కాగి వేడిని నిలుపుకొంటుంది, విరగ్గొట్టకుంటే మనుమల దాకా వస్తుంది. వోల్టేజి, వైరింగు, ప్లగ్గు ఏ బాధా లేదు. అంటుకొనని నల్లపూత పెనాన్ని మాత్రం ఇందుకు వాడరాదు. దానిని ఖాళీగా మంటపై వదిలితే 260 డిగ్రీలు దాటి పూత చెడి వాయువులు విడుస్తుంది. పంజరంలోని పక్షులు వాటికి చనిపోతవి.

బండ మీద చేయాలన్న ఉబలాటం ఉన్నవారికి రెండు ముక్కలు. వంటగట్టుకు వేసిన నునుపుపెట్టిన గ్రానైటు తునక పనికిరాదు, దానికి పట్టించిన మెరుగు ఏమిటో మనకు తెలియదు. నేలకు పరిచే షాబాదు బండ అసలే పనికిరాదు, అది పొరలుపొరలుగా ఏర్పడినది. గరుకు గ్రానైటునైనా తడి మీద మంటకు పెట్టరాదు. లోపలి తడి ఆవిరై బండ పెటిలి చిల్లలు ఎగురుతవి. బాగా ఎండబెట్టి, సన్నని సెగ మీద మెల్లమెల్లగా కాచవలె. గ్రానైటులోని పలుగురాయి 573 డిగ్రీల వద్ద హఠాత్తుగా వ్యాకోచిస్తుంది. అంత మంట దానికి చూపితే చీలుతుంది. అయినను ఇది అపార్ట్‌మెంటు వంట కాదు, బంధువులందరూ ఊరికి వచ్చినప్పుడు పెరటిలో చేసుకొనవలసిన పండుగ.

ఇప్పుడు ఇరుగుపొరుగు మాట. నేను ప్రస్తుతం ఉండే భవనంలో నా పై అంతస్తులో ఒక విశ్రాంత ఉపాధ్యాయులున్నారు. మాంసం ముట్టరు. ఉబ్బసం మనిషి. ఒక ఆదివారం నేను పెనం మీద కబాబులు వేస్తుండగా వారు దిగివచ్చి, "లెక్చరర్ గారూ, మీరేం వండుకొన్నా నాకు పేచీ లేదు. ఆ పొగ మాత్రం తిన్నగా నా పడకగదిలోకి వస్తున్నది, ఊపిరాడడం లేదు" అన్నారు. "తప్పు నాది మాస్టారూ" అన్నాను. వంటింటి కిటికీకి ఫ్యాను బిగించి గాలిని రెండవ ప్రక్కకు, మెట్లవైపు కాక వీధివైపు పంపే ఏర్పాటు చేసుకొన్నాను. నూనె తగ్గించినాను. ఇప్పుడు వారి మనుమరాలు మా ఇంట్లోనే ఉర్దూ అక్షరాలు దిద్దుతున్నది.

పొగ పంపకపోవడం నా బాధ్యత. ఏమి వండుకొంటానన్నది నా ఇష్టం. ఈ రెండింటిని కలిపివేయడం వల్లనే చాల అనర్థాలు వస్తున్నవి. పొగ రానీయకండి అని షరతు పెట్టిన యజమానితో మనం మాట్లాడవచ్చు, ఫ్యాను పెట్టించవచ్చు, సమయం కుదుర్చుకోవచ్చు. మాంసమే వద్దన్న యజమాని దగ్గర మన పిల్లలు ఏమి చేస్తారు? మేము చేసినదే చేస్తారు. తల ఊపుతారు, తరువాత కిటికీలు మూస్తారు. ఆ రాత్రి మా మిత్రుడిని పడగొట్టినది బొగ్గు ఒక్కటే అని నేను అనుకోను. తలుపు క్రింద కుక్కిన తువ్వాలుకు కూడ అందులో పాలు ఉన్నది. గది కోసం అబద్ధమాడవలసి వచ్చిన విద్యార్థికి నా సానుభూతి ఉన్నది. కాని అటువంటి గదిలో మాంసం కాల్చే సాహసం చేయవద్దని, వీలైనంత త్వరగా దాపరికం అవసరం లేని గది చూచుకొమ్మని వానికి చెబుతాను.

ఈ సందర్భంలోనే మన కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన వసతిగృహంలో గదులలో వంట నిషేధం. నిషేధం సరైనదే. ఐనా ప్రతి సంవత్సరం ఏదో ఒక మంచం క్రింద హీటరు చుట్ట దొరుకుతూనే ఉన్నది. దానిని ప్లాస్టిక్ పెట్టెలో దాస్తారు, వార్డెన్ వచ్చే చప్పుడు వింటే వేడి తగ్గకముందే దుప్పట్లలో చుడతారు. నిషేధపు నోటీసు ప్రక్కన వండుకొనే చోటు ఒకటి చూపనిదే ఈ దాపరికం పోదు. భోజనశాల వెనుక వరండాలో ఎర్తు గల రెండు పెద్ద ప్లగ్గులు, వేరుగా ఒక ట్రిప్పు స్విచ్చి, ఒక రాతిగట్టు, నీళ్లపళ్లెం గల బార్బెక్యూ ఒకటి, రెండు పోత ఇనుప పెనాలు ఏర్పాటు చేయవలసినదిగా కోరుతున్నాను. మాంసానికి ఒక పెనం, మాంసం తినని విద్యార్థుల మక్కకంకులకు, పనీరుకు వేరొక పెనం. నెలకు రెండు శుక్రవారాల సాయంకాలాలు వార్డెన్ సమక్షంలో వాడుకొననివ్వండి. ఆరుబయట బొగ్గుల అంగీఠీ కావాలంటే మైదానం ఉన్నది. వార్షికోత్సవానికి వేదిక అలంకరణకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించినా ఇది సమకూరుతుందని నా నమ్మకం. అలంకరణ సంఘంలో నేనూ సభ్యుడినే గనుక ఈ మాట అనే చొరవ తీసుకొన్నాను.

మా పూర్వవిద్యార్థికి మరునాడు ఫోను చేసి ఇదంతా చెప్పినాను. మొదట పెనం కొనుక్కొమ్మన్నాను. నలుగురికీ ఒకేసారి కావాలంటే, వంటగదిలో పెద్ద ప్లగ్గు ఉన్నదో లేదో చూచి, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఆ తరువాత నీళ్లపళ్లెం ఉన్న కడ్డీ గ్రిల్లు తీసుకొమ్మన్నాను. ఇంటి యజమానికి ముందే చెప్పినారా అని అడిగినాను. కొంతసేపు మాట్లాడలేదు. "చెప్పలేదు సార్. చెబితే ఖాళీ చేయమంటాడేమో" అన్నాడు. అప్పుడు మా మేడపై గది సంగతి అతనికి మొదటిసారి చెప్పినాను.

పదిరోజుల తరువాత మళ్లీ ఫోను వచ్చినది. యజమానితో మాట్లాడినారట. ఆయన గొణిగినాడట గాని, పొగ మెట్లలోకి రాకుంటే సరే అన్నాడట. వంటింటి కిటికీకి ఫ్యాను సగం ఖర్చు తాను పెట్టుకొంటానన్నాడట. పెనం కొన్నారు. గ్రిల్లు ఇంకా కొనలేదు. "సార్, కిలో మాంసానికి పచ్చి బొప్పాయి ఎంత నూరాలె? పోయినసారి ఎక్కువై ముక్కలు పిండి అయిపోయినవి" అని అడిగినాడు. చర్మంతో సహా నూరి రెండు చెంచాలు, గంటకు మించి నానబెట్టవద్దని చెప్పినాను.